తాళం పడిన కంప్యూటర్ గది

సంపాదకులు గారికి, నమస్కారం.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం పక్క ఊరు. రొయ్యల సాగు చేస్తాను. మా అమ్మాయి చదివే జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ సారు ఈమధ్యే 62 నిండి రిటైరయ్యారు. దండలు వేశాం, శాలువా కప్పాం, భోజనాలు పెట్టాం. మర్నాడే ఆయన నడిపిన కంప్యూటర్ గదికి తాళం పడింది. ఈ ఉత్తరం ఆ తాళం గురించి.

సారు సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరి, ప్రమోషన్ మీద స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్ సబ్జెక్టు టీచరు, అయ్యారు. కంప్యూటర్ ఆయన సబ్జెక్టు కాదు. పాతకాలం డాస్ కంప్యూటర్ల రోజుల్లో వేసవి సెలవులకు నెల్లూరు బస్సెక్కి, సొంత డబ్బుతో నేర్చుకున్నారు. పైథాన్ అనే కంప్యూటర్ భాష అయితే యాభై దాటాకే. మూలన పడేసిన మూడు సీపీయూల పార్టులు కలిపి ఒకటి నడిపించేవారు. బడి వదిలాక గంటసేపు క్లాసు.

ఏదో సంతకానికి వెళ్లి ఒకసారి ఆ క్లాసు చూశాను. కిటికీ ఊచకు మీటరు దారంతో రాయి కట్టి ఊపుతున్నారు. రాయి వెళ్లి తిరిగొస్తే ఒక ఊపు. ఇరవై ఊపులకు ఎన్ని సెకన్లో పిల్లలు చూడాలి. సుమారు 40 రావాలి. మా అమ్మాయికి 38 వచ్చింది. సారు తప్పనలేదు. "వాచీ బాగుంది, దారం బాగుంది. ఒకటి అని ఎప్పుడన్నావమ్మా?" అన్నారు. రాయి వదలగానే అందట. అంటే ఇరవై అనేసరికి రాయి ఊగింది పంతొమ్మిది సార్లే. సున్నా నుంచి లెక్కపెడితే 40 వచ్చింది. అప్పుడు పిల్లల్ని కంప్యూటర్ ముందుకు తీసుకెళ్లారు. పైథాన్‌లో రేంజ్ అని రాసి 1, 20 ఇస్తే లూపు, అంటే ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం, పంతొమ్మిది సార్లు తిరిగి ఆగిపోయింది. రేంజ్ చివరి అంకెకు ముందే ఆగుతుంది. అక్కడా 0 నుంచి మొదలుపెడితేనే ఇరవై పూర్తయ్యాయి. పిల్లలు ఒకటే నవ్వు.

ఇంకోసారి మా రొయ్యల గుంట డీఓ పుస్తకం, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లెక్కలు రాసేది, పంపమన్నారు సారు. రాత్రీ పగలూ మీటరు పెట్టి మేం రాసుకున్న ఆ అంకెలు పిల్లల చేత ఎక్కించి గ్రాఫ్ గీయించారు. నీళ్లలోని పాచి పగలు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదీ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజాముకు గీత అడుక్కి జారుతుంది. ఆ వేళ నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆపకూడదని మాకు తెలుసు, నష్టపోయి నేర్చుకున్నాం. మబ్బు పట్టిన మర్నాడు గీత ఇంకా కిందికి ఎందుకు పోయిందో మాత్రం మా అమ్మాయే నాకు వివరంగా చెప్పింది.

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లోనే కోడింగ్, అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం, పెట్టాలంది. పదో తరగతి పరీక్షల్లో ఫిజికల్ సైన్స్‌కు 50, బయాలజీకి 50 మార్కులు. కంప్యూటర్‌కు లేవు, కాబట్టి ఎవరికీ పట్టదు. నాకూ పట్టలేదు లెండి. "ఆ కంప్యూటర్ మానేసి లెక్కలు చూసుకో" అని ఒకసారి అమ్మాయిని కసిరాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కొత్తగా వచ్చిన సారును తప్పు పట్టను. సిలబస్ ఒకవైపు, యాప్‌లో హాజరు, భోజనం ఫొటోలు ఇంకోవైపు. అందుకే అడుగుతున్నా: వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్లో వేయండి. సైన్స్, లెక్కల టీచర్లలో ఇష్టమున్నవాళ్లకు వేసవిలో ట్రైనింగ్ ఇచ్చి, ఆ క్లాసులను వాళ్ల డ్యూటీలోనే లెక్కగట్టండి. గోడకు పెద్ద స్క్రీన్లు వచ్చాయి, 2022లో ఎనిమిదో తరగతికి ట్యాబులూ ఇచ్చారు. వాటిలో పిల్లలు వీడియోలు చూస్తారు. సారు గదిలో తప్పు చేసి, అది ఎక్కడ జరిగిందో వాళ్లే వెతుక్కునేవాళ్లు.

సారు ఊళ్లోనే ఉన్నారు. సాయంత్రం వచ్చి ఊరికే చెబుతానంటున్నారు. బడిలో అడిగితే, రిటైరైన మనిషికి గది తాళం ఇవ్వాలంటే కాగితం ఉండాలన్నారు. ఆ కాగితం ఎవరివ్వాలో విద్యాశాఖ వారు చెబితే చాలు, తెచ్చుకోవడానికి నేనే నెల్లూరు వస్తాను.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
నెల్లూరు జిల్లా