కార్బిన్‌ను జనం ఎందుకు కాదన్నారంటే...

లెస్టర్

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ప్రతిపక్ష నాయకుడి పేరెత్తితే చాలు, మన ఊళ్ళో అన్నదమ్ములే మొహాలు తిప్పుకుంటున్నారని రాశావు. చివర్లో, మీ బ్రిటన్‌లో లేబర్ పార్టీని నడిపిన ఆ కార్బిన్‌ను జనం అంతగా నెత్తిన పెట్టుకుని అంతలోనే ఎందుకు దించేశారని అడిగావు. ఇది ఫోనులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదురా. నేను ఇంకా భారత పౌరుడినే అయినా, కామన్వెల్త్ దేశాలవాళ్ళు ఇక్కడ నివాసముంటే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. 2017లోనూ 2019లోనూ నా ఓటు లేబర్‌కే పడింది. అందుకే ఈ విషయం నాకు ఇప్పటికీ పట్టింపే.

జెరెమీ కార్బిన్ 1983లో లండన్‌లోని ఇస్లింగ్టన్ నార్త్ నుంచి ఎంపీ అయ్యారు. ముప్ఫై రెండేళ్ళు పదవులేమీ లేకుండా వెనక బెంచీల్లోనే ఉండి, సొంత పార్టీ విప్‌ను వందలసార్లు ధిక్కరించారు. ఇరాక్ యుద్ధం వద్దని గట్టిగా చెప్పినవాళ్ళలో ఆయనొకరు. 2015లో పార్టీ నాయకత్వానికి పోటీ చేయాలంటే 35 మంది ఎంపీల మద్దతు కావాలి. గడువు ముగియడానికి కొద్ది నిమిషాల ముందు ఆ లెక్క 36కు చేరింది. అందులో కొందరు ఆయన గెలవాలని కాదు, చర్చలో వామపక్షపు గొంతు కూడా ఉండాలని సంతకం చేసినవాళ్ళు. తీరా ఓట్లు లెక్కిస్తే ఆయనకు 59.5 శాతం! కార్యకర్తలు కోరుకున్న నాయకుడు, ఎంపీలు కోరుకోని నాయకుడు. మరుసటి ఏడాది యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలా వద్దా అన్న బ్రెగ్జిట్ రెఫరెండం కాగానే సొంత ఎంపీలే 172–40 తేడాతో ఆయన మీద అవిశ్వాసం ప్రకటించారు. ఆయన దిగలేదు. మళ్ళీ పోటీ పెడితే ఈసారి 61.8 శాతంతో గెలిచారు.

ఈయన ఎన్నికల్లో గెలవలేడన్న మాట ఆ రోజుల్లో పత్రికల్లోనే కాదు, మా ఆఫీసు క్యాంటీన్‌లో కూడా రోజూ వినిపించేది. 2017 ఏప్రిల్‌లో ప్రధాని థెరెసా మే ఎన్నికలు ప్రకటించినప్పుడు కొన్ని సర్వేల్లో ఆమె పార్టీ కన్సర్వేటివ్‌ల ఆధిక్యం ఇరవై పాయింట్లు దాటింది. జూన్ 8న ఏమైంది? లేబర్‌కు 40 శాతం ఓట్లు, 262 సీట్లు. థెరెసా మేకు ఉన్న మెజారిటీ కూడా పోయింది. ఆ నెలలోనే గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో వేలమంది కుర్రవాళ్ళు ఆయన పేరును పాటగా కట్టి పాడారు. యూనివర్సిటీ ఫీజులు రద్దు, రైళ్ళు మళ్ళీ ప్రభుత్వం చేతికి... ఈ మాటలు వాళ్ళ చెవికి ఎంత కొత్తగా తోచాయో నేను దగ్గరుండి చూశాను. అప్పుల మీద చదువుకుంటున్న పిల్లలు రాజకీయాల మీద నమ్మకంతో మాట్లాడటం చూస్తే సంతోషం వేసింది.

అంతకు రెండున్నరేళ్ళకు, 2019 డిసెంబర్ 12న, అదే నాయకుడికి 32 శాతం ఓట్లు, 202 సీట్లు. 1935 తర్వాత లేబర్‌కు అంత తక్కువ సీట్లు ఎప్పుడూ రాలేదు. గెలిచే సత్తా అనేది మనిషికి పుట్టుకతో వచ్చే గుణమైతే ఈ రెండు ఫలితాలూ ఒకే మనిషికి ఎలా వస్తాయి చెప్పు? మధ్యలో జనం ఆయన నడవడికను చూశారు. నన్నడిగితే అసలు సంగతి అదే.

2018 మార్చిలో సాల్స్‌బరీలో ఒక మాజీ రష్యన్ గూఢచారి మీద, ఆయన కూతురి మీద నాడీ విషప్రయోగం జరిగింది. దేశమంతా కోపంతో ఉన్న సమయంలో కార్బిన్ పార్లమెంటులో లేచి, విషం నమూనా కావాలని రష్యా అడిగితే ప్రభుత్వం ఏమి బదులిచ్చిందని ప్రశ్నించారు. న్యాయంగా చూస్తే అడగవలసిన ప్రశ్నే కావచ్చు. కానీ అడిగిన వేళ, అడిగిన తీరు చాలామందికి మింగుడుపడలేదు.

యూదుల విషయం అంతకన్నా లోతుగా గాయపరిచింది. యూదులను కించపరిచే బొమ్మలున్న ఒక గోడచిత్రాన్ని తీసేస్తుంటే, ఎందుకు తీసేస్తున్నారంటూ ఆయన 2012లో ఫేస్‌బుక్‌లో రాసిన మాట 2018లో బయటపడింది. బొమ్మను సరిగా చూడలేదన్నారు. పార్టీలో యూదు వ్యతిరేకత గురించి ఫిర్యాదులు పేరుకుపోయాయి. 2019 ఫిబ్రవరిలో లూసియానా బర్జర్ అనే యూదు ఎంపీ పార్టీ వదిలి వెళ్ళిపోయింది. నవంబరులో టీవీలో పాత్రికేయుడు ఆండ్రూ నీల్ పదేపదే క్షమాపణ చెబుతారా అని అడిగితే ఆయన చెప్పలేదు. వారం తర్వాత మరో కార్యక్రమంలో చెప్పారు. ఆ మాట ఏడాది ముందే, ఎవరూ అడగకుండానే వచ్చి ఉంటే ఎంత బాగుండేది! జీవితమంతా జాతివివక్ష మీద పోరాడిన మనిషి పక్కవాడి నొప్పి వినలేకపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది.

ఇక బ్రెగ్జిట్. కొత్త ఒప్పందం కుదిర్చి, దాన్ని మళ్ళీ రెఫరెండానికి పెడతామన్నారు. మరి మీరు ఎటువైపు అంటే, తటస్థంగా ఉంటానన్నారు. దేశం రెండుగా చీలిన వేళ నాయకుడు గోడమీద పిల్లిలా కూర్చుంటే ఎవరు నమ్ముతారు? మా ఆఫీసులో బోల్సోవర్ ప్రాంతంనుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయన తండ్రి బొగ్గుగని కార్మికుడు. ఆ నియోజకవర్గంలో 1970 నుంచి డెన్నిస్ స్కిన్నర్ లేబర్ తరఫున గెలుస్తూ వచ్చారు. 2019లో అది కూడా కన్సర్వేటివ్‌ల చేతికి పోయింది. రైళ్ళ విషయం తనకు నచ్చిందని, కానీ ఆ మనిషికి దేశాన్ని అప్పగించాలంటే మనసు ఒప్పలేదని ఆయన నాతో అన్నాడు. ఉచిత బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామన్నా నమ్మలేదట. పథకాలు నచ్చి మనిషి నచ్చకపోవడం అంటే ఏమిటో నాకు అప్పుడే బాగా అర్థమైంది. 2019 సెప్టెంబరులో ఇప్సోస్ మోరి సర్వేలో కార్బిన్ పనితీరు బాగుందన్నవాళ్ళు 16 శాతం, బాగాలేదన్నవాళ్ళు 76 శాతం. 1977 నుంచి ఆ సంస్థ చూసిన ప్రతిపక్ష నాయకులందరిలో అంత అధ్వాన్నమైన లెక్క మరొకరికి లేదు.

మన భారతీయుల సంగతి కూడా చెప్పాలి. ఆ సెప్టెంబరులోనే లేబర్ మహాసభ కశ్మీర్ మీద తీర్మానం చేసింది. ఇక్కడ మనవాళ్ళ వాట్సాప్ గుంపులు భగ్గుమన్నాయి. పార్టీ తర్వాత సర్ది చెప్పుకుంది గానీ, పోయిన నమ్మకం తిరిగి రాలేదు. మా పక్కింటి గుజరాతీ పెద్దాయన ఉగాండా నుంచి వచ్చినప్పటినుంచి లేబర్‌కే ఓటేసినవాడు. ఆ ఏడాది మొదటిసారి కన్సర్వేటివ్‌లకు వేశాడు. లెస్టర్ ఈస్ట్‌లో కార్బిన్‌కు దగ్గరైన క్లాడియా వెబ్‌ను లండన్ నుంచి తెచ్చి నిలబెట్టారు. 2017లో 22,428 ఉన్న మెజారిటీ 6,019కి పడిపోయింది.

2020 అక్టోబరులో, పార్టీలోని యూదు వ్యతిరేకత మీద సమానత్వ, మానవ హక్కుల కమిషన్ నివేదిక వచ్చింది. ఆయన నాయకత్వంలో పార్టీ చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. అదే రోజు ఆయన, సమస్యను రాజకీయాల కోసం బాగా పెద్దది చేసి చూపారన్నారు. పార్టీ ఆయన్ని సస్పెండ్ చేసింది. ఆ ఒక్క రోజైనా మౌనంగా ఉండవలసింది!

ఇదంతా చదివి, ఆయన్ని జనం ఛీకొట్టారని అనుకోకు. 2024లో లేబర్ టికెట్ ఇవ్వకపోతే ఇస్లింగ్టన్ నార్త్‌లో స్వతంత్రుడిగా నిలబడి, 24,120 ఓట్లతో, 7,247 మెజారిటీతో గెలిచారు. నలభై ఏళ్ళుగా తమ గడపల ముందు కనిపించిన మనిషిని వాళ్ళు వదులుకోలేదు. ఇంకొకటి: 2024లో, ఆయన తర్వాత లేబర్ నాయకుడైన స్టార్మర్‌కు 411 సీట్లు తెచ్చిన ఓట్లు 97 లక్షలు. 2019లో కార్బిన్ ఓడిపోయినప్పుడు వచ్చినవి కోటి పైనే! ఓట్లకూ సీట్లకూ పొంతన లేకపోవడం నీకు కొత్త కాదు, 2024లో 39 శాతం ఓట్లతో జగన్‌కు 11 సీట్లు రావడం చూసినవాడివే. అందుకే ఒక్క సీట్ల లెక్క పట్టుకుని నాయకుడి సత్తా తేల్చేవాళ్ళతో నేను ఏకీభవించను. కానీ ఓట్లు ఎక్కువ వచ్చాయి కదా అని ఆయన తప్పులను కొట్టిపారేసే అభిమానులతో కూడా నాకు పడదు. అవతలివాళ్ళ ఓట్లు కూడా పెరిగాయి, ఆయన పేరు వింటేనే కదిలి వచ్చి వేసిన ఓట్లు వాటిలో చాలా ఉన్నాయి.

2025లో, లేబర్‌ను వదిలివచ్చిన ఎంపీ జారా సుల్తానాతో కలిసి కొత్త పార్టీ అన్నారు. రెండు నెలలు తిరగకముందే సభ్యత్వ నమోదు మీద ఇద్దరూ బహిరంగంగా తగవుపడ్డారు. లెస్టర్‌లో ఆ పార్టీ నిలబడితే నా ఓటు వేయను. అయినా ఇస్లింగ్టన్‌లో ఉండి ఉంటే 2024లో ఆయనకే వేసేవాణ్ణి.

మీ నాయకుడి గురించి నువ్వు అభిమానంగా రాశావు, మీ తమ్ముడు ఎందుకు వద్దంటున్నాడో మాత్రం రాయలేదు. ఈసారి అది రాయి. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు, మోకాలి నొప్పి తగ్గిందా?

నీ మిత్రుడు