కాంటా మీద తల్లి పేరే

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి దాటిందంటే మహారాష్ట్రలోని మా సిరొంచ వైపు ఊళ్లు పలచబడతాయి. ట్రాలీ ఆటోలు గోదావరి వంతెన మీదుగా తెలంగాణ మిరప తోటలకు పోతుంటాయి. బియ్యం మూటలు, గిన్నెలు, కోళ్ల గంప, వాటి మధ్య ఇరుక్కుని పిల్లలు. నా కిరాణా కొట్టు దారి పక్కనే.

కిందటేడు అవతలి ఒడ్డున చుట్టాల ఊరికి పోయి, ఒక తోట దగ్గర ఆగాను. తొమ్మిదేళ్లుంటాయేమో, ఒక పిల్ల కాయ ఏరి తల్లి సంచిలో పోస్తోంది. చెమట పడితే అరచేత్తో కాదు, మోచేత్తో తుడుచుకుంటోంది. ఎన్నిసార్లు కళ్లు మండితే ఆ జాగ్రత్త వచ్చిందో! సాయంత్రం కాంటా పెట్టి, కిలోలు తల్లి పేరున రాసుకున్నారు. పిల్ల పేరు ఎక్కడా లేదు. రేపు ఏ అధికారి వచ్చి ఆ పుస్తకం తిరగేసినా బాలకార్మికులు కనిపించరు.

రైతును అడిగితే "మేం పనిలో పెట్టుకోలేదండీ, తల్లికి సాయం చేస్తోంది" అన్నాడు. ఆ మాటకు సందు బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణలో దొరికింది. 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదని, పెట్టుకుంటే 2 ఏళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా అని రాస్తూనే, కుటుంబానికి సాయం చేయవచ్చన్నారు. అదీ బడి అయ్యాక, లేదంటే సెలవుల్లో. ఫిబ్రవరిలో మంగళవారం పొద్దున పదింటికి ఏం సెలవు? పరాయివాళ్ల తోట ఆ పిల్ల కుటుంబానిది ఎట్లా అయింది?

తల్లిని తప్పుపట్టలేం. పిల్లను ఎవరికి అప్పజెప్పి పోతుంది? చెరకు కోతకు పోయేవాళ్ల పిల్లల కోసం మా మహారాష్ట్రలో హంగామీ వసతి గృహాలు, అంటే ఆ సీజన్‌కు మాత్రమే నడిచేవి, పెట్టారు. మిర్చికి పోయేవాళ్ల పిల్లలకూ జనవరిలోనే అవి తెరవాలి. ఇక వెంట వెళ్లిన పిల్లల సంగతి. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదేనని విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. అంటే అవతలి ఒడ్డు బడి కూడా వాళ్లదే. చిక్కల్లా ఒకటే, మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడినా చదివేది మరాఠీ. ఇక్కడి టీచర్లు ఒకరిద్దరిని ఆ మూడు నెలలు అక్కడికి పంపితే సరిపోదా?

ముందు ఎంతమంది పోతున్నారో తెలియాలి. ఈ సీజన్‌లో వంతెన దగ్గర పిల్లల పేర్లు రాసుకోవడానికి ఒక మనిషిని కూర్చోబెట్టమనండి. కుర్చీ, టీ నావి.

— ఒక కిరాణా వ్యాపారి,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా