మోకాళ్ల మీద చక్రవర్తి

ప్రియమైన డేవిడ్‌కు,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "మనవాళ్లు అధికారంలో ఉంటే తప్ప విశ్వాసానికి దిక్కులేదు" అని రాశావు చూడు, అక్కడే ఆగిపోయాను. ఒకప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి కాబట్టి నీ మీద కోపం రాలేదు. కానీ ఒప్పుకోలేను.

మత్తయి నాలుగో అధ్యాయం మళ్లీ తెరిచి చూడు. లోకరాజ్యాలన్నీ, వాటి మహిమంతా ఇస్తానని సాతాను అంటే ప్రభువు పొమ్మన్నాడు. అదే అధ్యాయంలో, కాస్త కిందికి వస్తే, ఆయన ప్రకటన మొదలవుతుంది: మారుమనస్సు పొందండి. గ్రీకులో ఆ మాటకు మూలం మెటనోయా, మనసు మారడం. తెలుగు బైబిలులో ఎంత చక్కని మాట పెట్టారో! పశ్చాత్తాపపడి ఏడ్చి ఊరుకోవచ్చు. మనసు మారితే మాత్రం కాళ్లు కూడా దారి మార్చాలి.

మనవాడు అధికారంలో ఉండటం అంటావా, ఉన్నాడు. 380లో క్రైస్తవాన్ని రోము సామ్రాజ్యపు మతంగా ప్రకటించిన థియొడోసియస్ కంటే మనవాడు ఎవరు? పదేళ్లు తిరిగేసరికి, థెస్సలొనీకలో తన సేనాధిపతిని అల్లరిమూక చంపిందన్న కోపంతో, ఆ చక్రవర్తే సైనికుల చేత వేలమందిని నరికించాడు. అప్పుడు మిలాను బిషప్పు ఆంబ్రోసు ఆయన్ని పొగడలేదు, మనవాడు కదా అని సర్దుకుపోలేదు. పశ్చాత్తాపపడేదాకా నీ ముందు బలి, అంటే ప్రభు భోజనపు ఆరాధన, అర్పించలేనని ఉత్తరం రాశాడు. చక్రవర్తి రాజచిహ్నాలు తీసేసి, గుడిలో అందరి ఎదుట ఏడ్చాడు. డేవిడ్, ఆ మనిషి జీవితంలో నాకు క్రైస్తవం కనిపించేది ఆ శాసనంలో కాదు, ఈ కన్నీళ్లలో.

మోకాళ్లు వంచిన ప్రతివాడి మనసూ మారుతుందని కాదులే. 1077 జనవరిలో జర్మనీ రాజు నాలుగో హెన్రీ కనోసా కోట బయట మూడు రోజులు చలిలో, చెప్పుల్లేకుండా నిలబడి పోపు క్షమాపణ పొందాడు. 1084లో అదే పోపు మీదికి సైన్యంతో రోములో అడుగుపెట్టాడు. క్షమించిన ఆ పోపు, ఏడో గ్రెగరీ, మరుసటి ఏడాది సలెర్నోలో ప్రవాసిగా కన్నుమూశాడు. హృదయాలు దేవుడే ఎరుగును. నాకైతే జక్కయ్య కొలత చాలు. సుంకపు గుత్తదారుల పెద్ద, వెనక రోము అధికారం. అయినా ప్రభువు ఇంటికొచ్చాక లేచి నిలబడి లెక్క చెప్పాడు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నిరుడు మా సంఘం కమిటీలో ఓట్లతో నేను గెలిచాను. ఓడిన పెద్దాయన ఆరాధనకు రావడం మానేశారు. ఆయన గురించి నేను వెనకాల అన్న మాటలు ఆయన చెవిన పడ్డాయి. నాలుగు నెలలు నన్ను నేను సమర్థించుకున్నాను. ఓట్లు నావైపు ఉన్నాయిగా, నన్ను అడిగేవాడు ఎవడు? అధికారం అలా పట్టుకుంటుంది. చివరికి ఒక సాయంత్రం వెళ్లాను. ఆయన తలుపు తీసి గడప మీదే నిలబడ్డారు. దారి పొడవునా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. "తప్పు నాదండీ" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్లి, కుర్చీ గోడ దగ్గర నుంచి జరిపి, దాని మీదున్న బట్టలు తీసి, "కూర్చో" అన్నారు.

గెలిచిన రోజున నేను ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోలేదు.

వచ్చే నెల వస్తానన్నావు కదా. లూకా పద్దెనిమిదిలో రొమ్ము కొట్టుకున్న సుంకరి ప్రార్థన కలిసి చదువుదాం. నీ వాదన అప్పుడు పూర్తిగా వింటాను. ఇంట్లో అందరికీ నా వందనాలు చెప్పు.

నీ మిత్రుడు