డే కేర్ ఖర్చు ఎవరి జీతంలోంచి?

తమ్ముడూ,

నిన్న రాత్రి నీతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. పాప బాగుందని, బోర్లా పడుతోందని విన్న సంతోషం ఒక పక్క. నువ్వు చివర్లో చెప్పిన ఆ లెక్క ఇంకో పక్క. "డే కేర్ ఖర్చు తన జీతంలోంచి తీసేస్తే చేతికి మిగిలేది ఏమీ లేదక్కా, అందుకే సెలవు అయిపోగానే మానేద్దామని అనుకుంటోంది" అన్నావు. అప్పుడే ఏదో ఒకటి అనబోయి ఆగిపోయాను. ఫోన్‌లో అయితే నేనొకటి అంటాను, నువ్వొకటి అంటావు, మాట మాట పెరుగుతుంది. రాస్తే నిదానంగా చదువుకుంటావని ఇలా రాస్తున్నాను. మరదలితో కలిసి చదువు. అమ్మకి కూడా చదివి వినిపించు, ఆవిడ గురించి కూడా ఇందులో ఉంది.

ముందుగా ఒక్క మాట. నీ మీద నాకు కోపం లేదు. పాపకి రాత్రి పూట డైపర్ మార్చేది నువ్వేనని మరదలు గర్వంగా చెప్పింది. నువ్వు మంచివాడివి కాబట్టే ఇంత రాస్తున్నాను.

నీ లెక్కలో నాకు మొదట తట్టింది ఇది. పాప మీ ఇద్దరిదీ. మరి డే కేర్ ఖర్చు మొత్తం తన జీతంలోంచే ఎందుకు తీసేశావు? సగం నీ జీతంలోంచి, సగం తన జీతంలోంచి తీసి చూడు. ఎలా తీసినా ఇంటికి వచ్చేది అంతే కదా అంటావు. నిజమే. కానీ నువ్వు వేసిన లెక్కలో "తను ఉద్యోగం చేస్తే లాభమా, నష్టమా" అన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. నీ ఉద్యోగం గురించి ఎవరూ అడగరు. ఇద్దరి జీతాల్లోంచి తీస్తే "ఈ రెండు మూడేళ్ళు మనం ఎలా నెట్టుకొద్దాం" అని ఇద్దరూ కూర్చుని ఆలోచిస్తారు.

రెండోది, నువ్వు ఈ ఏడాది జీతం ఒక్కటే చూశావు. డెన్మార్క్‌లో హెన్రిక్ క్లెవెన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రభుత్వ రికార్డుల్లోంచి కొన్ని దశాబ్దాల ఆదాయాలు తీసి చూశారు. 2019లో ఆ పరిశోధన అచ్చయింది. మొదటి బిడ్డ పుట్టేదాకా ఆడవాళ్ళ సంపాదన, మగవాళ్ళ సంపాదన పక్కపక్కనే నడుస్తాయి. బిడ్డ పుట్టగానే తల్లి సంపాదన ఒక్కసారిగా కిందికి పడిపోతుంది, తండ్రిది మాత్రం ఏమీ జరగనట్టు అలాగే సాగిపోతుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు గడిచినా తల్లి దాదాపు 20 శాతం వెనకే ఉండిపోయింది. పిల్లల్ని చూసుకునే కేంద్రాలు బాగా ఉన్న దేశంలో ఇది పరిస్థితి. అంటే మరదలు మానేస్తే పోయేది ఈ రెండేళ్ళ జీతమే కాదు. ఆ రెండేళ్ళలో రావాల్సిన ప్రమోషన్, దాని మీద పెరగాల్సిన జీతం, చివర్లో చేతికి రావాల్సిన పీఎఫ్ అన్నీ తగ్గుతాయి. నీ కాగితం మీద వీటికి చోటు లేదు.

"నా జీతం ఎక్కువ కాబట్టి నేను మానేయడం కుదరదు కదా" అన్నావు. గ్యారీ బెకర్ అనే ఆర్థికవేత్త కూడా ఇలాంటి వాదనే చేశారు. ఆయనకి 1992లో నోబెల్ వచ్చింది. భార్యాభర్తల్లో ఎవరికి ఏ పనిలో ఎక్కువ ఫలితం వస్తుందో ఆ పని వాళ్ళు చేస్తే ఇంటికి లాభం అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నీ జీతం ఎందుకు ఎక్కువో ఎప్పుడైనా ఆలోచించావా? నువ్వు తనకంటే నాలుగేళ్ళు పెద్ద. నాలుగేళ్ళు ముందు ఉద్యోగంలో చేరావు. తెలివిలో తను నీకేమీ తీసిపోదు, ఆ మాట నువ్వే నాతో చాలాసార్లు అన్నావు. పెళ్ళిళ్ళలో అబ్బాయి పెద్దవాడై ఉండాలని చూసుకున్నంత కాలం, పాప పుట్టే సమయానికి ఎక్కువ ఇళ్ళల్లో మొగుడి జీతమే ఎక్కువ ఉంటుంది. ఈరోజు నీ జీతం ఎక్కువని తను మానేస్తుంది. తను మానేసింది కాబట్టి నువ్వు నిశ్చింతగా పనిచేసుకుని రేపు ఇంకా పైకి వెళ్తావు. రెండో బిడ్డ పుట్టేసరికి ఈ తేడా ఇంకా పెరిగి ఉంటుంది. అప్పుడు మళ్ళీ ఇదే కారణం చెప్పుకుంటారు.

2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ ఈ విషయం మీదే జీవితమంతా పనిచేశారు. ఒకప్పుడు ఆడవాళ్ళకి తక్కువ జీతాలంటే చదువు తక్కువ, చేసే పనులు వేరు అని కారణాలు చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఒకే చదువు చదివి ఒకే పని చేసేవాళ్ళ మధ్యే తేడా ఎక్కువగా కనబడుతోందని, అది ఎక్కువగా మొదటి బిడ్డతోనే మొదలవుతుందని ఆమె చూపించారు. కొన్ని ఉద్యోగాలు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికేవాళ్ళకి బోలెడంత ఎక్కువ ఇస్తాయి. రాత్రి పది గంటలకి కాల్, ఆదివారం మీటింగ్. ఇంట్లో బిడ్డ ఉంటే ఇద్దరూ అలా పలకలేరు, ఎవరో ఒకరు తగ్గాలి. ఆ ఒకరు ఎప్పుడూ ఎవరో నీకు తెలుసు.

తిరిగి చేరడం కూడా నువ్వనుకున్నంత సులువు కాదు. షెల్లీ కొరెల్, మరో ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో చేసిన ఒక ప్రయోగం 2007లో అచ్చయింది. అర్హతలు సమానంగా ఉన్న ఊహాజనిత దరఖాస్తులు తయారు చేసి నిజమైన కంపెనీలకి పంపించారు. కొన్నింటిలో మాత్రం దరఖాస్తు పెట్టినవాళ్ళు తల్లో తండ్రో అని తెలిసేలా స్కూల్ తల్లిదండ్రుల సంఘంలో పనిచేసినట్టు ఒక ముక్క చేర్చారు. పిల్లలు లేని మహిళలకి ఆ తల్లులకంటే రెండు రెట్లకి పైగా పిలుపులు వచ్చాయి. తండ్రి అని తెలిసిన మగవాళ్ళకి మాత్రం అలాంటి నష్టం కనబడలేదు.

ఇది నాకు కాగితం మీద చదవక ముందే తెలుసు. మీ బావ ఉద్యోగం మీద ఈ దేశం వచ్చినప్పుడు నా వీసా మీద 'డిపెండెంట్' అని ఉంది. ఆరేళ్ళు అలాగే ఉన్నాను. మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఇంటర్వ్యూలో ఒకాయన నా పాత అనుభవం గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఈ ఆరేళ్ళు ఏం చేశారు అని మాత్రం మూడుసార్లు అడిగారు. ఇద్దరు పిల్లల్ని పెంచానంటే అది సమాధానం కాదన్నట్టు చూశారు. ఆ రోజు బస్సులో ఏడ్చాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. ఆ ఆరేళ్ళలో ఇంట్లో నా గొంతు తగ్గిపోయింది. మీ బావ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, దాపరికం లేకుండా అన్నీ నా చేతికే ఇచ్చేవారు. అయినా ఏ ఇల్లు తీసుకోవాలి, ఎప్పుడు మీ దగ్గరికి రావాలి అన్న ప్రతిచోటా "మీ ఇష్టం" అనేదాన్ని. నా కోసం ఒక కోటు కొనుక్కోవాలన్నా పది రోజులు ఆలోచించేదాన్ని. తర్వాత ఇక్కడ సాయంత్రం క్లాసుల్లో సోషియాలజీ చదువుతుంటే, రాబర్ట్ బ్లడ్, డొనాల్డ్ వుల్ఫ్ అనే ఇద్దరు 1960లోనే దీని గురించి రాశారని తెలిసింది. డెట్రాయిట్‌లో వందలాది ఇళ్ళ గురించి ఆరా తీసి, సంపాదన, చదువు, హోదా ఎవరికి ఎక్కువ ఉంటే నిర్ణయాల్లో వాళ్ళ మాటే ఎక్కువ చెల్లుతుందన్నారు. అది చదివినప్పుడు ఎవరో నా ఇల్లు చూసి రాసినట్టు అనిపించింది.

"తనే మానేస్తానంటోంది, నేనేం బలవంతం చేయలేదు" అన్నావు. నమ్ముతాను. కానీ పమేలా స్టోన్ అనే సామాజిక శాస్త్రవేత్త మంచి ఉద్యోగాలు వదిలేసి ఇంట్లో ఉండిపోయిన మహిళలతో మాట్లాడి 2007లో రాసిన విషయం విను. చాలామంది ముందు "నా ఇష్టంతోనే మానేశాను" అన్నారు. లోతుగా అడిగితే వేరే కథ బయటికి వచ్చింది. పని గంటలు తగ్గించమంటే ఆఫీసు ఒప్పుకోలేదు, లేదా తగ్గించి పనికిరాని పని ఇచ్చింది. మొగుడు ఆఫీసు నుంచి ఎప్పుడొస్తాడో తెలియదు. మొగుళ్ళు చాలామంది "నీ ఇష్టం, నువ్వు ఏం చేసినా నేను నీ వెంటే" అన్నారట. తమ పని గంటలు మార్చుకుంటామని మాత్రం అనలేదు. నువ్వు నిన్న అన్నదీ దాదాపు అదే, తమ్ముడూ. మరదలి ముందు ఉన్న దారులు ఎన్నో ఒకసారి లెక్కపెట్టు. రెండే ఉంటే, ఆ రెండింటిలో ఒకటి ఉద్యోగం చేస్తూ ఇంటి పనంతా మోయడం అయితే, మానేయడాన్ని ఇష్టం అని ఎలా అంటాం?

ఇంట్లో ఉండటం తక్కువ పని అని నేను అనడం లేదు. అమ్మ విషయమే చూడు. చిన్నప్పుడు స్కూల్లో "మీ అమ్మ ఏం చేస్తుంది" అని అడిగితే "ఏం చేయదు టీచర్, ఇంట్లోనే ఉంటుంది" అని మనిద్దరం చెప్పేవాళ్ళం. అందరికంటే ముందు లేచేది, అందరి తర్వాత పడుకునేది. ఆన్ ఓక్లీ అనే సామాజిక శాస్త్రవేత్త లండన్‌లో 40 మంది గృహిణులతో మాట్లాడి 1974లో తన అధ్యయనాన్ని ప్రచురించారు. వాళ్ళు సగటున వారానికి 77 గంటలు పనిచేస్తున్నట్టు తేలింది. అప్పటిదాకా సామాజిక శాస్త్రంలో ఇంటి పనిని పని కింద లెక్కపెట్టినవాళ్ళు చాలా తక్కువ, అది సంసారంలో భాగం అని ఊరుకునేవాళ్ళు. ఆమె మాత్రం ఫ్యాక్టరీ పనివాళ్ళని అడిగినట్టే విసుగు గురించి, ఒంటరితనం గురించి అడిగారు. అమ్మని ఆ మాట ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నువ్వు ఈ ఉత్తరం చదివి వినిపించినప్పుడు అడుగు.

అమ్మ లాంటివాళ్ళు ఎంతమందో ప్రపంచమంతా లెక్కవేశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం, ఇంట్లోవాళ్ళని చూసుకునే బాధ్యత వల్ల ఉద్యోగానికి దూరంగా ఉన్న ఆడవాళ్ళు 60 కోట్ల 60 లక్షల మంది. మగవాళ్ళు 4 కోట్ల 10 లక్షల మంది.

ఇక మరదలు ఉద్యోగంలో కొనసాగితే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఆర్లీ హాక్‌షైల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1980లలో ఉద్యోగం చేసే దంపతుల ఇళ్ళకి వెళ్ళి దగ్గరగా చూశారు. ఆఫీసు నుంచి వచ్చిన భార్యకి ఇంట్లో రెండో షిఫ్టు మొదలవుతుందని రాశారు. ఒక జంట గొడవపడీ పడీ చివరికి ఇంటిని రెండుగా పంచుకున్నారు. పై అంతస్తు భార్యది, కింది అంతస్తు భర్తది. పైన వంటిల్లు, పడకగదులు, బిడ్డ. కింద కారు, గ్యారేజీ, కుక్క. సమానంగా పంచుకున్నామని ఇద్దరూ మనస్ఫూర్తిగా నమ్మారు. ఇది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆ భార్య తన కాపురం నిలబెట్టుకోవడానికి ఆ మాట నమ్మాల్సి వచ్చింది.

నువ్వు "నేను హెల్ప్ చేస్తున్నా కదక్కా" అంటావు. ఆ హెల్ప్ అన్న మాట దగ్గరే ఆగి ఆలోచించు. అలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లో ఇంటి పనిలో కనబడని భాగాన్ని నాలుగు మెట్లుగా చూపించారు. ఏం కావాల్సి వస్తుందో ముందే ఊహించడం, దారులు వెతకడం, నిర్ణయించడం, అది జరిగిందా లేదా చూసుకోవడం. నిర్ణయం దగ్గర ఇద్దరూ కలుస్తారు. మొదటిదీ చివరిదీ ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడతాయి. పాప టీకా సంగతే తీసుకో. ఆసుపత్రికి తీసుకెళ్ళింది నువ్వే. కానీ తేదీ గుర్తుపెట్టుకుని, ముందురోజు నీకు చెప్పి, కార్డు బ్యాగులో పెట్టి, రాత్రి జ్వరం వస్తుందేమోనని మందు తెప్పించి పెట్టింది ఎవరు? ఆ టెన్షన్ ఆఫీసులో కూర్చున్నా తలలోంచి పోదు. ఒక పని తీసుకుంటే మొత్తం తీసుకో. టీకాలు నీవి అంటే తేదీ నుంచి జ్వరం దాకా నీవే. తను గుర్తు చేయాల్సి వస్తే ఆ పని ఇంకా తన మీదే ఉన్నట్టు.

పాప కోసం నువ్వు కూడా సెలవు పెట్టే మాట ఎత్తితే "ఆఫీసులో ఏమనుకుంటారో" అన్నావు. ఆ భయం నిజమైనదే, నేను కొట్టిపారేయను. స్వీడన్‌లో 1974లోనే తండ్రులకి కూడా జీతంతో సెలవు వచ్చింది. ఏళ్ళ తరబడి తీసుకున్నవాళ్ళు చాలా తక్కువ, ఎక్కువమంది తమ వంతు భార్యకి ఇచ్చేశారు. 1995లో ఒక నెల తండ్రికే ప్రత్యేకంగా పెట్టి, వాడుకోకపోతే పోతుందన్నారు. అప్పుడు కదిలారు. ఇప్పుడు అది 90 రోజులు. చట్టం అలా ఉంటే అడగడానికి ఎవరికీ సిగ్గు ఉండదు. మీ ఆఫీసులో నీకు ఉన్న సెలవు కొద్దిదే కావచ్చు. ఉన్నదంతా అడుగు. దానికి మామూలు సెలవులు కలుపు. మరదలు ఆఫీసుకి వెళ్ళే మొదటి నెల పాప దగ్గర నువ్వు ఒక్కడివే ఉండు. అమ్మని తోడు రమ్మనకు. ఆవిడ వస్తే పనంతా ఆవిడ చేతిలోకే పోతుంది, నీకు తెలుసు.

ఇంత చదివాక కూడా మరదలు కొన్నాళ్ళు ఇంట్లో ఉంటాననవచ్చు. అప్పుడు నేను ఇంకో మాట అనను. కానీ అప్పుడు తన పేరు మీద ప్రతినెలా కొంత దాచాలి, మళ్ళీ ఎప్పుడు చేరుతుందో ఇద్దరూ కలిసి ఇప్పుడే రాసుకోవాలి, ఆ నెల వచ్చేసరికి పాపని ఎవరు చూసుకుంటారో కూడా.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. ఈలోగా ఆ లెక్క మళ్ళీ వేయండి. ఈసారి పెన్ను మరదలి చేతికివ్వు. ఒక్క ఏడాదికి కాదు, పాపకి పదేళ్ళు వచ్చేదాకా వేయండి. మధ్యలో గీత గీసి ఒక పక్క నీ పేరు, ఒక పక్క తన పేరు రాసి, ఎవరు ఏం వదులుకుంటున్నారో రెండు పక్కలా నింపి, ఫోటో తీసి నాకు పంపండి.

పాపకి ముద్దులు. అమ్మానాన్నలకి నమస్కారాలు. మరదలికి నేను విడిగా రాస్తాను.

మీ అక్క