వినకుండానే మాటకు మార్కులు

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి తెలుగు పేపర్లో లేఖ రాయమనే ప్రశ్న మామూలే. మీ ఊరి సమస్య గురించి పత్రికా సంపాదకుడికి రాయమంటారు. స్పాట్ వాల్యుయేషన్‌లో అలాంటి లేఖలు వందల్లో దిద్దాను. అన్నిట్లో అదే దోమల బెడద, అవే గైడు వాక్యాలు, కింద పేరుండాల్సిన చోట మూడు ఇంటూ గుర్తులు. రిటైరయ్యాక ఇప్పుడు నిజంగానే ఒకటి రాస్తున్నాను.

తెలంగాణ హైస్కూళ్లలో ఏటా నాలుగు ఎఫ్‌ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు, అంటే బడిలోనే టీచర్లు వేసే మార్కులు), ఒక్కోటి 20 మార్కులకు. రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్షతో పాటు 'భాగస్వామ్యం–ప్రతిస్పందన'కు 5 మార్కులు. పాఠం గురించి పిల్లలు మాట్లాడింది విని వేయాల్సిన మార్కులవి. కానీ 40 మంది ఉన్న సెక్షన్‌కు ఒక్క తెలుగులోనే, ఎఫ్‌ఏకు నాలుగు గడుల చొప్పున, ఏడాదికి 640 అంకెలు నింపాలి. గడువు రోజు సాయంత్రం స్టాఫ్ రూంలో కూర్చుని, లఘు పరీక్షలో ఎంతొచ్చిందో చూసి, దానికి తగ్గట్టు పక్క గడి నింపేస్తారు. నేనూ అలాగే నింపాను.

ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. రాస్తే ఒత్తులన్నీ తప్పులే. ఆ గడిలో ఆమెకు 2 వేశాను. దసరా సెలవులయ్యాక ఒకరోజు మాటవరసకు బతుకమ్మ ఎట్ల పేరుస్తరో చెప్పమన్నాను. "గునుగు పువ్వు కొసలు సమానంగ కత్తిరించాలె సార్. కట్టలు గట్టి రంగుల ముంచి ఎండబెడ్తం..." అని మొదలుపెట్టింది. వరుస వంకర పోతే బతుకమ్మ ఎటు ఒరుగుతుందో, నడుమ ఆకు ఎందుకు కూరాలో చేతులతో చూపిస్తూ చెప్పింది. క్లాసంతా నోరు మెదపలేదు. ఏది ముందు, ఏది తర్వాత, ఎందుకు? వ్యాసం దిద్దేటప్పుడు మేం వెతికేది అదే కదా! రిజిస్టర్లో మాత్రం ఆ 2 అలాగే ఉండిపోయింది. అప్పటికే ఆన్‌లైన్‌లో ఎక్కించేశాం.

ఈ సంగతి చెబితే తోటి ఉపాధ్యాయుడొకరు "ముందు ఆ భాష సరిచేయండి సార్" అన్నారు. 'కత్తిరించాలె' అన్నందుకు మార్కు తగ్గించేవాళ్లు ఇంకా ఉన్నారు. రాతలో ప్రామాణిక భాష అడగండి, కాదనను. నోటిమాట దగ్గర చూడాల్సింది చెప్పదలచుకున్నది ఎదుటివాళ్లకు అందిందా లేదా అన్నదే.

టైం లేదంటారు. మనిషికి రెండు నిమిషాలిచ్చినా 40 మందికి 80 నిమిషాలు, అంటే రెండు పీరియడ్లు. పేపర్లు దిద్దడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. 2022లో కేంద్ర విద్యా సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ఒక సర్వేలో మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టి, తెలుగుతో సహా 20 భాషల్లో చదివించి విన్నది. దేశమంతా తిరిగి వినగలిగినప్పుడు సొంత బడిలో, సొంత క్లాసులో వినలేమా?

పదో తరగతిలో ఈ ఎఫ్‌ఏ మార్కులే ఇంటర్నల్స్ పేరుతో పబ్లిక్ పరీక్ష మార్కులకు కలుస్తాయి. ఇలాంటి దొంగ మార్కులెందుకు, ఇంటర్నల్స్ తీసేయమనేవాళ్లూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి 2019లోనే తీసేశారు. ఇక్కడ 2024 నవంబరులో తీసేస్తామని ప్రకటించి, వెంటనే ఆ ఏడాదికి వాయిదా వేశారు. కొన్ని ప్రైవేటు బడులు అందరికీ ఇరవైకి ఇరవై వేస్తున్నాయన్నది నిజమే. కానీ అవీ పోతే పదో తరగతిలో పిల్లవాడి గొంతు వినాల్సిన అవసరమే ఉండదు.

విద్యాశాఖను కోరేది పెద్దదేం కాదు. ప్రతి ఎఫ్‌ఏకు ముందు రెండు పీరియడ్లు మాట్లాడించడానికని టైంటేబుల్లోనే రాయండి. ఆ రోజు పాఠం చెప్పలేదని తనిఖీకి వచ్చినవాళ్లు అడగకుండా చూడండి. మరో మాట కూడా. పిల్లలు చెప్పిందే మర్నాడు రాయించాలి. అప్పుడు గైడు లేఖలు కొంతైనా తగ్గుతాయి, మాటకూ రాతకూ మధ్య ఎక్కడ తెగిందో టీచరుకు కళ్లకు కడుతుంది. ఆ అమ్మాయితో బతుకమ్మ గురించి నేను రాయించలేదు. గంట కొట్టగానే తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయాను.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
కరీంనగర్ జిల్లా