గంగలో 24 కిలోమీటర్లకు డబ్బు కట్టించుకుని 9 కిలోమీటర్లు తిప్పిన ట్రిప్పుపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,
కస్టమర్ సర్వీస్ విభాగం.

విషయం: మార్చి 7 నుంచి 9 వరకు జరిగిన రిషికేశ్ రాఫ్టింగ్ ప్యాకేజీ గురించి.

అయ్యా,

మీ ప్యాకేజీలో మా కుటుంబం ఐదుగురం రిషికేశ్ వెళ్లొచ్చాం. నేను, నా భార్య, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, మా బావమరిది, అతని పన్నెండేళ్ల కొడుకు. ఇంటికొచ్చాక మీ ఆఫీసుకు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండోసారి మాట్లాడిన అబ్బాయి అంతా విని, "ఇప్పుడు అందరూ బాగానే ఉన్నారు కదా సార్" అన్నాడు. ఆ మాట అనకపోయి ఉంటే బహుశా ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ముందు డబ్బు సంగతి. మీ బిల్లులో రాఫ్టింగ్‌కి విడిగా ఒక లైను ఉంది. మెరైన్ డ్రైవ్ నుంచి రిషికేశ్ వరకు, 24 కిలోమీటర్లు, మనిషికి 1,500 చొప్పున ఐదుగురికి 7,500 రూపాయలు. అక్కడ రాఫ్టింగ్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. చాలా రాఫ్టులు వచ్చి ఆగేది రిషికేశ్‌లోనే. ఎంత ఎగువకు వెళ్లి పడవ దింపితే అంత నది దక్కుతుంది. కౌడియాల నుంచి అయితే సుమారు 36 కిలోమీటర్లు, మెరైన్ డ్రైవ్ నుంచి 24, శివపురి నుంచి 16, బ్రహ్మపురి నుంచి 9. రేట్లు కూడా ఆ లెక్కనే ఉంటాయి.

మా క్యాంపు శివపురి దాటాక ఉంది. అక్కణ్ణుంచి మెరైన్ డ్రైవ్‌కి వెళ్లాలంటే జీపు ఎగువకు పోవాలి. పోలేదు. నేను గోదారి గట్టున పెరిగినవాణ్ణి, ఎక్కడికెళ్లినా నీళ్లు ఎటు పారుతున్నాయో చూడటం అలవాటు. జీపు ఏటివాలుకే పోతోందని రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. డ్రైవర్‌ని అడిగితే "గైడ్‌కి తెలుసు సార్" అన్నాడు. దిగాక గైడ్‌ని అడిగితే, "మీ కంపెనీ మాకు చెప్పింది బ్రహ్మపురే, డబ్బు పంపిందీ దానికే" అన్నాడు. పక్కనే రేట్ల బోర్డు ఉంది. బ్రహ్మపురికి 600 అని రాసుంది. దాన్ని ఫొటో తీశాను, ఈ లేఖతో పంపుతున్నాను.

మా అమ్మాయి రెండు నెలలుగా ఆ నదిలో ఏ ర్యాపిడ్ (నీళ్లు రాళ్ల మీద ఉధృతంగా దూకే చోటు) తర్వాత ఏది వస్తుందో వీడియోలు చూసి కంఠతా పట్టింది. త్రీ బ్లైండ్ మైస్, రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్. ఈ మూడూ బ్రహ్మపురికి ఎగువనే అయిపోతాయి. అంటే ఏది చూద్దామని అంత దూరం వెళ్లిందో అది చూడనేలేదు.

ఇక అసలు విషయం. మా బావమరిదికి ఇచ్చిన లైఫ్ జాకెట్‌కి మూడు బకిల్స్ ఉండాలి. పై రెండూ విరిగిపోయి ఉన్నాయి, వాటి బదులు ప్లాస్టిక్ తాడు కట్టారు. వేరేది ఇవ్వమని అడిగాను. సామాన్లు చూసుకునే అతను నవ్వి, హిందీలో "ఏం కాదు" అన్నాడు. మిగతావి అప్పటికే వేరే గుంపుకి పోయాయట. ఎవరైనా నీళ్లలో పడితే కాపాడ్డానికి వెంట వచ్చే చిన్న పడవ, సేఫ్టీ కయాక్, కూడా మా రాఫ్టుతో పాటు రాలేదు. అది ఉంటుందని మీ ప్యాకేజీ వివరాల్లో స్పష్టంగా రాసి ఉంది.

"మరి ఎందుకు ఎక్కారు?" అని మీరు అడగొచ్చు. నా భార్య కూడా అదే అడిగింది. అంత దూరం వచ్చాం, డబ్బు కట్టేశాం, అమ్మాయి అప్పటికే తెడ్డు పట్టుకుని కూర్చుంది. ఎక్కడం నా తప్పే, ఒప్పుకుంటాను.

డబుల్ ట్రబుల్ అనే ర్యాపిడ్ దగ్గర రాఫ్టు ఒక పక్కకు లేచింది. గైడ్ అరుస్తూనే ఉన్నాడు, మేం తెడ్లు వేస్తూనే ఉన్నాం, చూస్తే బావమరిది కూర్చున్న చోట ఎవరూ లేరు. నీళ్లలో జాకెట్ పైకి జారి అతని ముఖాన్ని కప్పేసింది. కింది బకిల్ ఒక్కటే పట్టి ఉంది. మార్చిలో ఆ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే, చేయి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. అతను ఈత వచ్చినవాడే, చిన్నప్పుడు పుష్కరాల రేవులో నాతో పందెం వేసి ఈదినవాడే. కానీ జాకెట్ ముఖానికి అడ్డం పడ్డాక ఏ ఈత పనికొస్తుంది? చివరికి వెనక వస్తున్న వేరే కంపెనీ రాఫ్టు తాలూకు కయాక్ కుర్రాడు దూసుకొచ్చి పట్టుకున్నాడు. అతను మీ మనిషి కాదు. అతనికి మేం డబ్బు కట్టలేదు.

మాది రాజమండ్రి. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. ఆ బోటును పైకి తీయడానికి అక్టోబర్ దాకా పట్టింది. ఆ రోజుల్లో మా ఊళ్లో ఏ టీ కొట్టు దగ్గర చూసినా ఒకటే మాట, లైఫ్ జాకెట్లు. అప్పటి నుంచి పడవ దగ్గర ఎవరైనా "ఏం కాదు" అంటే నాకు కాళ్లు వణుకుతాయి. మీ వాళ్లు ఆ మాట నాతో రెండుసార్లు అన్నారు.

మొదటిసారి బుకింగ్ అప్పుడే. బాబుకి పన్నెండేళ్లు, ఎక్కనిస్తారా అని అడిగితే మీ ఏజెంట్, "ఏం కాదు సార్, పద్నాలుగని చెప్పండి, ఎవరూ అడగరు" అన్నాడు. అక్కడ 14 ఏళ్లు నిండని పిల్లల్ని రాఫ్టు ఎక్కించకూడదన్న నియమం ఉందని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు. గైడ్ మాత్రం వాణ్ణి చూడగానే వయసు అడిగాడు, వాడు నిజం చెప్పాడు, గైడ్ వద్దన్నాడు. "మామయ్యా, నేను రాకూడదా?" అని వాడు ముఖం వేలాడేశాడు. అప్పుడు గైడ్ మీద కోపం వచ్చింది. రెండు గంటల తర్వాత మాత్రం అతనికి మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆ విరిగిన జాకెట్ ఆ పిల్లాడి ఒంటి మీద ఉండి ఉంటే? నా భార్య వాడికి తోడుగా క్యాంపులోనే ఉండిపోయింది. వాళ్లిద్దరి 3,000 రూపాయలు కూడా మీ దగ్గరే ఉన్నాయి.

చిన్న విషయాలు రెండు. మీ ప్రకటనలో గంగ పక్కనే ఇసుకలో వేసిన టెంట్ల ఫొటో ఉంది. కౌడియాల నుంచి రిషికేశ్ దాకా ఇసుక తిన్నెల మీద క్యాంపులు పెట్టకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లోనే చెప్పింది. మా క్యాంపు కొండ మీద ఉంది, నదికి నడిచి దిగాలి. దానికి నాకేం అభ్యంతరం లేదు, నది బాగుండాలంటే అలాగే ఉండాలి. కానీ ఆ పాత ఫొటో ఎందుకు? అలాగే మూడో రోజు "లక్ష్మణ్ ఝూలా మీద నడక" అని రాశారు. ఆ వంతెన సురక్షితం కాదని 2019లోనే మూసేయమన్నారు. మేం వెళ్లేసరికి అటువైపు ఎవర్నీ వెళ్లనివ్వట్లేదు. రామ్ ఝూలా మీదుగా దాటి వచ్చాం. మీ ఆఫీసులో ఎవరూ ఆ ఊరు ఈ మధ్య వెళ్లలేదేమో.

బాగున్నవి కూడా చెప్తాను. క్యాంపులో రాజ్మా అన్నం బాగుంది. త్రివేణి ఘాట్ హారతి మీ వాళ్లు దగ్గరుండి చూపించారు. గైడ్ కుర్రాడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, అతని మీద చర్య తీసుకున్నామని మాత్రం నాకు జవాబు రాయకండి.

నాకు కావలసింది ఇది. రాఫ్టు ఎక్కిన ముగ్గురికి తేడా 900 చొప్పున 2,700, ఎక్కని ఇద్దరి 3,000, మొత్తం 5,700 రూపాయలు నా ఖాతాలో వేయండి. డిస్కౌంట్ కూపన్ వద్దు, ఇప్పటికే రెండు పంపారు. దాంతో పాటు, మీరు అక్కడ ఏ ఆపరేటర్‌కి మమ్మల్ని అప్పగించారు, మనిషికి ఎంత కట్టారు, పంపే ముందు వాళ్ల జాకెట్లూ హెల్మెట్లూ ఎవరు చూశారు అన్నది రాతపూర్వకంగా చెప్పండి. వచ్చే నెల మీ ప్యాకేజీలో మా కాలనీవాళ్లు రెండు కుటుంబాలు వెళ్తున్నాయి. వాళ్లలో ఒక పాపకి పదకొండేళ్లు. ఆ పాపకి వయసు ఎంతని చెప్పమన్నారో కూడా తెలుసుకోవాలని ఉంది.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను. తర్వాత మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేం ఉండే చోటే కేసు వేయొచ్చు కాబట్టి, హైదరాబాద్ నుంచి మీరే ఇక్కడికి రావాల్సి ఉంటుంది.

బిల్లు, రేట్ల బోర్డు ఫొటో, తాడు కట్టిన జాకెట్ ఫొటో, వయసు గురించి మీ ఏజెంట్ పంపిన వాయిస్ మెసేజ్ జతచేశాను.

ఇట్లు,
మీ ప్యాకేజీలో వెళ్లొచ్చిన కస్టమర్,
రాజమహేంద్రవరం.