బన్నేరుఘట్ట చుట్టూ తగ్గించిన వంద చదరపు కిలోమీటర్లు: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్ణాటక అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బెంగళూరు శివారు జిగణిలో ఉంటాను. సొంతూరు కదిరి దగ్గర. కన్నడ మాట్లాడడం వచ్చింది గానీ మంత్రికి లేఖ రాసేంత రాలేదు. మా ఆఫీసు మిత్రుడొకరు దీన్నే కన్నడలో రాసి మీ కార్యాలయానికి విడిగా పంపిస్తున్నాడు. ఇక్కడ తెలుగులో పెట్టడానికి కారణం వేరే ఉంది. ఆనేకల్ నుంచి హోసూరు, డెంకణికోట దాకా ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ లేఖలో ఉన్నది వాళ్ళ చేలల సంగతే. వాళ్ళ పిల్లలు చదవాలి, నాలాగా ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడ ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్ళు కూడా చదవాలి.

అడిగేది ముందే చెప్పేస్తాను. బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానం చుట్టూ ఉన్న ఎకో సెన్సిటివ్ జోన్‌ను, అంటే అడవికి హాని చేసే పనులకు కట్టడి ఉండే ప్రాంతాన్ని, 2016 ముసాయిదాలో ఉన్న హద్దుల దాకా తిరిగి పెంచమని కేంద్రానికి మీ ప్రభుత్వం ప్రతిపాదన పంపాలి.

బెంగళూరులో బన్నేరుఘట్ట అనగానే ఎవరికైనా సఫారీ బస్సు, కిటికీకి అడ్డంగా జాలీ, జాలీ అవతల నిద్రపోతున్న పులి గుర్తొస్తాయి. మంగళవారం సెలవు. చుట్టాలు ఊరినుంచి వస్తే ఒకసారి తీసుకెళ్తాం, సీతాకోకచిలుకల పార్కు చూపిస్తాం, చెరకు రసం తాగి తిరిగొస్తాం. దాన్ని తప్పుపట్టను. కానీ ఆ జంతు ప్రదర్శనశాల 2002లో ఉద్యానం నుంచి విడదీసిన చిన్న ముక్క. 1974లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన అసలు అడవి దాని వెనకాల ఉంది. 2011లో విస్తరించాక దాని విస్తీర్ణం 260 చదరపు కిలోమీటర్లు దాటింది. అందులోకి మాలాంటివాళ్ళు అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. అది న్యాయమే, ఆ గేటు తెరవమని నేను అడగడం లేదు.

మాకు మిగిలేది అడవి అంచు. నిజానికి చూడ్డానికి అంతకంటే మంచిది ఇంకోటి లేదు. బన్నేరుఘట్టలో చంపకధామ స్వామి గుడి చూసుకుని కగ్గలీపుర రోడ్డు పట్టుకుంటే కాసేపటికి రోడ్డుకు రెండు పక్కలా చెట్లు మొదలవుతాయి. ఇటు రాగిహళ్ళి వైపు వెళ్తే అడవి మధ్యలోంచే పోతున్నట్టుంటుంది. ఆనేకల్ దాటి ముత్యాలమడువు వైపు వెళ్తే వానలు బాగా పడిన ఏడాది జలపాతం కూడా కనిపిస్తుంది, పడని ఏడాది బండలే. కార్తీక మాసంలో వెళ్ళాలి. రాగి చేలు కోతకు వచ్చి ఉంటాయి. రాగి సాళ్ళ మధ్య అక్కడక్కడా అనప సాళ్ళు. నాలుగు వారాలు పోతే సంతలో ఎక్కడ చూసినా అనపకాయలే, బెంగళూరు మొత్తం ఆ వాసనే. చేను గట్టున కానుగ, చింత, గట్టు దాటితే తంగేడు, ఆ తర్వాత వెదురు, లంటానా పొదలు. ఫిబ్రవరిలో అయితే మోదుగలు ఎర్రగా పూస్తాయి. చేను ఎక్కడ అయిపోయిందో, అడవి ఎక్కడ మొదలైందో చెప్పడానికి ఒక్కోచోట కందకం తప్ప ఇంకే గుర్తూ ఉండదు.

ఆ కందకం ఏనుగుల కోసం తవ్వింది. ఒకచోట రైలు పట్టాల కంచె, ఒకచోట సోలార్ తీగ, ఇంకోచోట కందకం పూడిపోయి ఏనుగు తాపీగా దిగి ఎక్కిన జాడలు. ఈ అడవి దక్షిణంగా తమిళనాడులోని తళి అడవులకూ, అక్కడినుంచి కావేరి వన్యప్రాణి అభయారణ్యానికీ కలుస్తుంది. ఏనుగులకు రాష్ట్రాల సరిహద్దు తెలీదు. రాగి పండే రోజుల్లో తళి, డెంకణికోట, ఆనేకల్ వైపు రైతులు చేలల్లో మంచె కట్టుకుని కాపలా ఉంటారు. టపాసులు, డబ్బాలు, టార్చిలైట్లు. 2023 లెక్కల్లో కర్ణాటకలో 6,395 ఏనుగులు ఉన్నాయని మీ శాఖే ప్రకటించింది, దేశంలో మనదే మొదటి స్థానం అని పేపర్లు రాశాయి. ఆ మొదటి స్థానానికి రాత్రి కాపలా కాసేది ఈ రైతులు.

ఆనేకల్ పక్క ఒక పల్లెలో, చేను గట్టు మీద కూర్చున్న పెద్దాయన నా బండి నంబరు చూసి తెలుగులోనే పలకరించాడు. ఏనుగుల మాట ఎత్తాను. "ఏనుగ వచ్చేది మాకు కొత్తేం కాదప్పా. మా తాత కాలం నుంచీ వస్తాండాయి. వచ్చేది, తినేది, పొయ్యేది. ఇప్పుడు పొయ్యేకి దోవ లేదు. అటు పోతే గోడ, ఇటు పోతే లైట్లు. యాడికి పోతాది, చేన్లోనే నిలబడుకుంటాది" అన్నాడు.

ఆయన చూపించిన వైపు ఒక లేఅవుట్ కొత్తగా వేశారు. మట్టి రోడ్లు, సిమెంటు రాళ్ళు, ఒక ఆర్చి, ఆర్చి మీద అడవి పేరు. ఇళ్ళింకా రాలేదు గానీ వీధి దీపాలు రాత్రంతా వెలుగుతాయట. దానికి అవతల ఒక ఫామ్‌హౌస్, శని, ఆదివారాల్లో డీజే. వీటిలో ఏది ఏ అనుమతితో వచ్చిందో నాకు తెలీదు, ఎవరినీ వేలెత్తి చూపడం లేదు. అలాంటివి ఎక్కడ రావచ్చు, ఎక్కడ రాకూడదు అని తేల్చే గీత ఒకటి కాగితం మీద ఉంది. నా బాధంతా ఆ గీత గురించే.

2016లో కేంద్రం ఇచ్చిన ముసాయిదాలో ఈ ఉద్యానం చుట్టూ దాదాపు 269 చదరపు కిలోమీటర్లను ఎకో సెన్సిటివ్ జోన్‌గా చూపించారు. కొన్నిచోట్ల అది అడవి హద్దు నుంచి నాలుగున్నర కిలోమీటర్ల దాకా వెళ్ళింది. 2020 మార్చిలో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి అది 168.84 చదరపు కిలోమీటర్లు అయింది. అంటే వంద చదరపు కిలోమీటర్లు పోయాయి. ఇప్పుడా జోన్ వెడల్పు ఎక్కువున్నచోట ఒక కిలోమీటరు, తక్కువున్నచోట వంద మీటర్లు. వంద మీటర్లంటే మా అపార్ట్‌మెంట్ గేటు నుంచి పాల బూత్ దాకా, అంతే. ఏనుగుల గుంపు ఒక రాత్రిలో ఎంత దూరం నడుస్తుందో మీ అధికారుల్ని అడిగితే చెప్తారు.

ఈ అడవి గుండ్రంగా, నిండుగా ఉండి ఉంటే వంద మీటర్లతో సరిపెట్టుకోవచ్చేమో. ఇది ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగా సాగిన అడవి, మధ్యలో కొన్నిచోట్ల మరీ ఇరుకు. అందుకే కరడిక్కల్–మాదేశ్వర లాంటి చోటును నిపుణులు ఏనుగుల దారిగా గుర్తించారు. ఇలాంటి అడవికి చుట్టూ ఉన్న రాగి చేలు, చెరువులు, బీళ్ళు కూడా అడవిలో భాగమే. ఏనుగు నడిచేది, నక్క తిరిగేది, నెమలి మేసేది, చిరుత దాక్కునేది అక్కడే. చేలు పోయి గోడలు వస్తే, మ్యాపులో ఆకుపచ్చ రంగు 260 చదరపు కిలోమీటర్లూ అలాగే ఉంటుంది, లోపలి జంతువులు మాత్రం ఉండవు.

ఇక్కడ రైతుల భయం గురించి కూడా చెప్పాలి. అది చెప్పకుండా జోన్ పెంచండి అని అడగడం నగరంలో ఉండేవాళ్ళకు చాలా తేలిక. నేనుండే అపార్ట్‌మెంట్ కూడా ఒకప్పుడు ఎవరిదో చేనే. పల్లెల్లో జోన్ అనే మాట వినగానే "మా ఇల్లు మమ్మల్నే కట్టుకోనివ్వరంట, బోరు వేసుకోనివ్వరంట, భూమిని సర్కారు లాక్కుంటుందంట" అంటారు. ఇవన్నీ ఎవరు చెప్పారంటే చెప్పలేరు. భూముల బ్రోకర్లకు ఇంతకంటే కావలసింది ఏముంది? నిజానికి జోన్‌లో నిషేధించేది కమర్షియల్ మైనింగ్, రాతి క్వారీలు, క్రషర్లు, కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు. అడవి హద్దు దగ్గర కొత్త రిసార్టులు, హోటళ్ళకు కట్టడి. సేద్యం చేసుకోవచ్చు, పశువుల్ని పెంచుకోవచ్చు. స్థానికులు సొంత అవసరానికి సొంత భూమిలో ఇల్లు కట్టుకోవచ్చని ఇలాంటి నోటిఫికేషన్లలోనే రాసి ఉంటుంది. ఈ నాలుగు ముక్కలు కన్నడలో ఒక పేజీ మీద అచ్చు వేయించి ప్రతి గ్రామ పంచాయతీ గోడకు అంటించడానికి ఎంత ఖర్చవుతుంది సార్? ఆ పక్కనే ఆ ఊళ్ళో ఏ సర్వే నంబర్లు జోన్‌లోకి వస్తాయో జాబితా పెట్టించండి. సైటు కొనేవాళ్ళకూ అది ఉపయోగమే, మావాళ్ళు ఎంతోమంది బ్రోషర్‌లో ఏనుగు బొమ్మ చూసి అడ్వాన్సులు ఇచ్చేస్తున్నారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా అదే జాబితా ఉంటే ఇంకా మంచిది.

నోటిఫికేషన్ వచ్చిన రెండేళ్ళలో స్థానికులతో మాట్లాడి జోనల్ మాస్టర్ ప్లాన్, అంటే జోన్‌లో ఎక్కడ ఏం చేయవచ్చో చెప్పే ప్రణాళిక, తయారుచేయాలన్న నియమం కూడా ఉంది. నేను పలకరించిన రైతుల్లో ఆ ప్లాన్ మాట విన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇంకో మాట. ఏనుగు తొక్కిన చేనుకు పరిహారం ఆలస్యంగా, అరకొరగా వస్తే ఆ రైతు భూమి అమ్మేస్తాడు. అందులో అతని తప్పేం లేదు. 2025–26కి రాగికి మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. ఏడాదంతా కష్టపడి, రాత్రులు మంచె మీద జాగారం చేసి పండించినదాన్ని ఆ లెక్కన అమ్ముకునేవాడి ఇంటికి సైట్ల కంపెనీ మనిషి కారులో వచ్చి కూర్చుంటే ఏం చేస్తాడు? జోన్‌లో రాగి, అనప పండించే రైతుకు ఎకరాకు ఇంత అని ఏటా కొంత మొత్తం ఇవ్వండి. అడవికి ఆ చేలే రక్షణ అనుకుంటే అది సబ్సిడీ కాదు, కాపలా జీతం. రైలు పట్టాల కంచె కోసం కిలోమీటరుకు పెట్టే ఖర్చు పక్కన దాన్ని పెట్టి చూస్తే ఆర్థిక శాఖకు కూడా అర్థమవుతుంది.

చూడ్డానికి వచ్చే మా గురించి కూడా కొంచెం కఠినంగానే ఉండండి. ఆదివారం ఆ రోడ్ల మీద బీరు సీసాలు పగలగొట్టేది, కోతులకు చిప్స్ వేసేది, కారు ఆపి డ్రోన్ ఎగరేసేది పల్లెవాళ్ళు కాదు. పగటిపూట, ఊరి దారుల్లో, కొద్దిమందికే అనుమతి ఇచ్చి, ఆ ఊరి పిల్లల్నే గైడ్లుగా పెట్టి నడిపించవచ్చు. రుసుము వాళ్ళకే పోవాలి. పెద్ద పెద్ద వ్యూ పాయింట్లు, గాజు వంతెనలు మాత్రం వద్దు, దయచేసి.

"జోన్ కేంద్రం పరిధిలోది" అనే జవాబు వస్తుందని నాకు తెలుసు. నోటిఫికేషన్ ఇచ్చేది కేంద్రమే. అయితే హద్దులు తగ్గించమని అప్పట్లో సిఫార్సు వెళ్ళింది రాష్ట్రం నుంచే, పెంచమనే సిఫార్సు కూడా రాష్ట్రం నుంచే వెళ్ళాలి.

అందుకని మీనుంచి రెండు జవాబులు రాతపూర్వకంగా కావాలి. 2016 హద్దులను పునరుద్ధరించమని మీ ప్రభుత్వం కేంద్రానికి ప్రతిపాదన పంపిందా, పంపితే ఏ తేదీన? పంపకపోతే, తగ్గించిన ఆ వంద చదరపు కిలోమీటర్లలో ఈలోగా కొత్త లేఅవుట్లకు, క్వారీలకు అనుమతులు ఆపుతారా?

ఇట్లు,
జిగణి నివాసి ఒకరు